ఆరో విడత: 60 మిల్లీసెకన్లు ఎక్కడ పోయాయి?

జర్మన్ క్రియారూపాలను బుర్ర ఎలా చదువుతుందో కొలవాలని నేను చేస్తున్న ప్రయోగంలో ఆరో విడత కూడా బూడిదలో పోసిన పన్నీరే. లైప్‌చిగ్‌లో మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ మాతృభాష జర్మన్. ఓపికగా కూర్చుని 240 పదాలకు మీటలు నొక్కారు. చివర్లో టీ తాగుతూ, "అసలు పదానికి ముందు ఇంకేదో మెరుస్తోంది, అదీ చదవాలా?" అని అడిగారు. గుండె గుభేలుమంది. ప్రైమ్ అంటే లక్ష్యపదానికి ముందు, చూసేవారికి తెలియకుండా క్షణకాలం మెరవాల్సిన పదం. అదే కంటపడితే ఇక ప్రయోగమేముంది!

నేను వెతుకుతున్నది నోయ్‌బావర్, క్లాసెన్ అనే పరిశోధకులు 2009లో చూపిన తేడా. 'గెకౌఫ్ట్' (కొన్న) చివరి 'ట్' నియమం ప్రకారం వచ్చేది, 'గెలౌఫెన్' (పరుగెత్తిన) చివరి 'ఎన్' అలా కాదు. పుట్టు జర్మన్ల బుర్ర మొదటిదాన్ని విడదీసి చదువుతుంది, రెండోదాన్ని గుర్తుపెట్టుకున్నట్టు చదువుతుంది. జర్మన్ నేర్చుకున్న పోలిష్‌వారిలో ఆ తేడా కనబడలేదు.

ప్రైమ్‌కు 60 మిల్లీసెకన్లు అని రాశాను. నా తెర 60 హెర్ట్జ్‌ది, ఒక ఫ్రేము 16.7. మూడైతే 50, నాలుగైతే 66.7. అరవై అన్నది ఈ తెరకు చేతకాదు! మూలన కాంతి సెన్సర్ అంటించి ఆర్డువినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుతో 200 సార్లు కొలిచాను: 171 సార్లు 66.7, 29 సార్లు 83.3. ఆ ఐదో ఫ్రేము రెండో మానిటర్ పుణ్యమేనని నా అనుమానం. దాన్ని పీకేశాక 200లో రెండే మిగిలాయి. తప్పు ప్రయోగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ సైకోపైది కాదు. ఫ్రేముల్లో రాయమని చెబుతూనే ఉంటుంది, నేనే వినలేదు.

అంతటితో అయిపోలేదు. ఆదివారం 'ట్' పదాలు 11 మిల్లీసెకన్లు ముందున్నాయి, మంగళవారం 'ఎన్' పదాలు 14 ముందున్నాయి. తీగలేని కీబోర్డు మీద నాకు నమ్మకం పోయింది. ఉత్తరాలు రాసుకోవడానికి బాగుంటుంది, ఇలాంటి పనికి తీగ ఉన్నదే దిక్కు. ఇంకో చిత్రం: ప్రైమ్‌కు వేరుగా కనబడాలని లక్ష్యపదాలను పైథాన్‌తో పెద్దక్షరాల్లోకి మార్చితే 'ష్టోసె'లోని ఎస్‌త్సెట్ (ß అక్షరం) కాస్తా రెండు ఎస్‌లైంది. మీట నొక్కడానికి ఆవిడ సగటు 610 మిల్లీసెకన్లు, ఆ ఒక్క పదం దగ్గర 890.

పొడవులు సరిచూసిన పదాల జాబితా మాత్రం ఈసారి కుదిరింది.

నా సంగతా? రెండు రకాలూ 780 దగ్గరే. ఏడేళ్ల జర్మన్ ఇంకా కంఠస్థమేనా, కీబోర్డే తేడాను మింగేసిందా, ఇప్పుడే చెప్పలేను.

వచ్చే విడత మూడు ఫ్రేములు, తీగ కీబోర్డు, ఒకే మానిటర్. ఆ తర్వాత తెలుగు మీద పడాలని ఉంది: ఒకవైపు ఆకు, ఆకులు, మరోవైపు ఇల్లు, ఇళ్లు. చిక్కేమిటంటే మనకు పెద్దక్షరాలు లేవు, ప్రైమూ లక్ష్యమూ కంటికి ఒకే ఆకారం. ఒకదానికి చిన్న సైజు, ఇంకోదానికి వేరే ఫాంటు వాడి చూస్తాను. మొదట కూర్చోబెట్టేది అమ్మనే. వీడియో కాల్‌లో కొలతలు నమ్మలేను కాబట్టి, సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు కీబోర్డును పెట్టెలో సర్దుకోవాలి.