వరుసలో నిలబడిన పిల్లవాడికి బంతి ఎప్పుడు అందుతుంది?

సికింద్రాబాద్‌లో మా కాలనీని ఆనుకుని ఒక మట్టి మైదానం ఉంది. అక్కడ వారానికి రెండు రోజులు, ఆదివారం, బుధవారం ఉదయం పూట, తొమ్మిది నుంచి పదకొండేళ్ల లోపు పిల్లలు పదహారు మందికి ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. మొదలుపెట్టిన కొత్తలో, నాకు కాలేజీ రోజుల్లో నేర్పిన పద్ధతినే వీళ్లకూ నేర్పాను. ముందు మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరుగు, తరువాత వంగడాలు, సాగడాలు, ఆపైన గోల్ ఎదుట వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరి చేత షాట్ కొట్టించడం, చివర్లో సమయం మిగిలితే మ్యాచ్. చూసేవాళ్లకు ఇది ఎంతో క్రమశిక్షణగా కనిపించేది. గోడ మీద కూర్చున్న తల్లిదండ్రులు కూడా సంతోషించేవారు.

ఒక ఆదివారం నా చీలమండ బెణికింది. ఆ రోజు నేను రాసిపెట్టిన ప్రణాళికనే నా స్నేహితుడు నడిపిస్తుంటే, నేను గోడ మీద కూర్చుని చూశాను. ఊరికే కూర్చోలేక, అందరికంటే నెమ్మదస్తుడైన ఒక పిల్లవాడిని ఎంచుకుని, వాడి కాలికి బంతి తగిలిన ప్రతిసారీ పాల బిల్లు వెనకాల ఒక గీత గీస్తూ పోయాను. గంటంపావు గడిచేసరికి ఇరవై ఏడు గీతలు అయ్యాయి. అందులో సగానికి పైగా, షాట్ కొట్టాక దూరంగా పోయిన బంతిని తిరిగి తెచ్చేటప్పుడు తగిలినవే. నిజానికి లెక్క వేసుకుంటే ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. ఒక్కో షాట్‌కు, బంతి తెచ్చుకోవడంతో కలిపి, పదిహేను సెకన్లు పడుతుందనుకుంటే, పదహారు మంది వరుసలో ఒక్కొక్కరికి వంతు వచ్చేది నాలుగు నిమిషాలకు ఒకసారి. ఇరవై నిమిషాలు కొట్టించినా ఒక్కొక్కరికి దక్కేది అయిదు షాట్లు. మిగిలిన సమయమంతా పిల్లలు ఒకరినొకరు తోసుకోవడం, మట్టిలో బొమ్మలు గీయడం, నాచేత తిట్లు తినడం. ఆ తిట్లు వాళ్లకు కాదు, నా ప్రణాళికకు పడవలసినవి.

అప్పటి నుంచి ఏ అభ్యాసాన్ని ఎంచుకోవాలన్నా నేను వేసుకునే మొదటి ప్రశ్న ఒక్కటే: ఇందులో ఒక్కో పిల్లవాడికి బంతి ఎన్నిసార్లు అందుతుంది? రెండో ప్రశ్న దానికి తోడుగా వస్తుంది: బంతి అందినప్పుడు వాడు ఏదైనా నిర్ణయం తీసుకోవలసి వస్తుందా, లేక నేను చెప్పినట్లు తన్నితే సరిపోతుందా?

హైదరాబాదు ఫుట్‌బాల్‌కు ఈ రెండో ప్రశ్న కొత్తది కాదు. వృత్తిరీత్యా బడిపంతులైన సయ్యద్ అబ్దుల్ రహీం ఇక్కడి సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు ముంబైలో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీని వరుసగా అయిదుసార్లు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇవన్నీ చాలామందికి తెలిసినవే. నాకు వీటికంటే ముఖ్యంగా తోచేది వేరొకటి. ఆయన డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో నడిపించుకుంటూ ఎదుటివాళ్లను దాటిపోవడం, చేయకూడదనే నియమంతో పోటీలు పెట్టేవారు, బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలనే నియమంతోనూ పోటీలు పెట్టేవారు. అంటే, ‘పాస్ ఇవ్వు, పాస్ ఇవ్వు’ అని గొంతు చించుకోవడానికి బదులు, పాస్ ఇవ్వక తప్పని ఆటను తయారుచేసి ఆటగాళ్లను అందులోకి దింపారన్నమాట. ఇప్పటి శిక్షణ పుస్తకాలు పెద్ద పెద్ద పేర్లు పెట్టి చెప్పే పద్ధతి ఇదే.

అయితే ఆయన నియమాలను ఉన్నవి ఉన్నట్లుగా తొమ్మిదేళ్ల పిల్లల మీద పెట్టడం సరికాదని నా అభిప్రాయం. డ్రిబ్లింగ్ వచ్చి, అవసరానికి మించి చేసేవాడికి ఆ నిషేధం మందులా పనిచేస్తుంది. ఇంకా డ్రిబ్లింగే రానివాడికి అది నేర్చుకునే అవకాశాన్ని లాగేసుకుంటుంది. ఈ వయసులో బంతిని కాలి దగ్గర ఉంచుకుని ఎదుటివాడిని దాటి పోవాలనే ఆశ ఉండాలి, దాని వల్ల రెండు మూడు గోల్స్ పోయినా పరవాలేదు. బలహీనమైన కాలి నియమాన్ని మాత్రం నేను నెలకొకసారి తప్పకుండా వాడతాను. ఆ రోజు కుడికాలి వీరులందరూ ఒక్కసారిగా కొత్తగా చేరిన పిల్లలతో సమానమైపోతారు, వెనకబడిన పిల్లలకు అది పండుగ.

ఒక బుధవారం ప్రణాళికను వివరంగా చెబుతాను. ఆ రోజు అంశం ఒక్కటే: బంతిని అందుకోవడం. ఒక పూటకు ఒక్క అంశం మించి పెట్టుకోకూడదని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మొదటి పది నిమిషాలకు వరుసలు లేవు, పిలుపులు లేవు; ముందు వచ్చినవాడు ముందే ఒక బంతి తీసుకుని, నాలుగు కోన్లతో గుర్తుపెట్టిన ఇరవై అడుగుల గడిలోకి దిగుతాడు. అందరూ వచ్చాక ఇద్దరి దగ్గర బంతులు తీసుకుంటాను. వాళ్లు మిగిలినవాళ్ల బంతులను గడి బయటికి తన్నాలి. బంతి పోయినవాడు ఆట నుంచి తప్పుకోడు, బయట బంతి మీద రెండు పాదాలూ మార్చి మార్చి పదిసార్లు ఆనించి మళ్లీ లోపలికి వస్తాడు. ‘అవుట్ అయితే పక్కన కూర్చో’ అనే ఆటలు చూడటానికి బాగుంటాయి కానీ, అందులో మొదట అవుటయ్యేవాడు అభ్యాసం అందరికంటే ఎక్కువ అవసరమైనవాడే. దీని తరువాత ఒంటికాలి మీద నిలబడటం, గెంతి రెండు కాళ్ల మీద మెత్తగా దిగడం వంటివి అయిదు నిమిషాలు చేయిస్తాను. ఫీఫా ఏడు నుంచి పదమూడేళ్ల పిల్లల కోసం రూపొందించిన సన్నాహక వ్యాయామాలలో ఇటువంటివి ఉన్నాయి. పొర్లే వ్యాయామాలు కూడా ఉన్నాయి గానీ, మా మైదానంలో గులకరాళ్లు ఎక్కువ కాబట్టి వాటి జోలికి పోము.

తరువాతి ఇరవై నిమిషాలు ముగ్గురేసి జట్లుగా పాస్‌లు. ఇక్కడ మాత్రం నైపుణ్యాన్ని విడదీసి చూపిస్తాను. పాస్ ఇచ్చేటప్పుడు ఆనించిన కాలు బంతికి పక్కగా జానెడు దూరంలో ఉండాలి, దాని బొటనవేలు బంతి వెళ్లవలసిన వైపుకు చూడాలి. తన్నే కాలి చీలమండ బిగుసుకుని ఉండి, పాదం లోపలి భాగం బంతి నడిమికి తగలాలి. పిల్లల పాస్ గాల్లోకి లేస్తోందంటే, చాలాసార్లు కారణం తన్నిన కాలిలో కాదు, వెనకబడిపోయిన ఆ రెండో కాలిలో ఉంటుంది. అందుకోవడం ఇంకా సున్నితమైన పని. చెట్టు మీది నుంచి ఎవరో విసిరిన మామిడికాయను దెబ్బ తగలకుండా పట్టుకునేటప్పుడు చేతులు దానితో పాటు కాస్త వెనక్కి వెళ్తాయి కదా, బంతి తగిలే క్షణంలో పాదం కూడా అంతే. అది వచ్చాక తరువాతి మెట్టు, బంతిని అక్కడికక్కడే ఆపేయకుండా, మొదటి స్పర్శతోనే ఖాళీ ఉన్న వైపుకు జరుపుకోవడం.

ముగ్గురిలో మధ్యలో ఉన్నవాడు బంతి తన దగ్గరకు చేరేలోగా ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసి, వెనక ఉన్నవాడు ఎన్ని వేళ్లు చూపిస్తున్నాడో గట్టిగా చెప్పాలి. మా వాళ్లలో ఒకడు వెనక్కి చూడకుండానే ప్రతిసారీ ‘మూడు!’ అని అరిచేవాడు. వెనకవాడితో ముందే ఒప్పందం కుదుర్చుకున్నాడని నాకు తెలియడానికి రెండు వారాలు పట్టింది. ఇప్పుడు వేళ్లు తీసేశాం. వెనకవాడు ముందుకు దూసుకువస్తే బంతిని పాస్ ఇచ్చినవాడికే తిరిగి ఇచ్చేయాలి, కదలకుండా ఉంటే అటు తిరిగి బంతితో ముందుకు పోవాలి. చూడకపోతే బంతి పోతుంది కాబట్టి, అబద్ధానికి ఇక అక్కడ చోటు లేదు.

ఆ తరువాత నలుగురు నలుగురిగా నాలుగు జట్లు, రెండు చిన్న మైదానాలు, గోల్‌కీపర్లు లేరు. ఒక్కో జట్టు బంతి కొట్టడానికి గోల్ పోస్టులు రెండు, అవి రెండు మూలల్లో ఉంటాయి. ఒక మూలలో కాపలా ఎక్కువగా ఉందంటే రెండోది ఖాళీగా ఉన్నట్టే, కానీ తల ఎత్తి చూసినవాడికే అది కనిపిస్తుంది. ‘తల ఎత్తు’ అని నేను ఒక్కసారి కూడా అనను. మధ్యలో ఆట ఆపవలసి వస్తే అర నిమిషానికి మించి మాట్లాడను, అది కూడా ప్రశ్న రూపంలోనే: ‘నీకు బంతి వచ్చినప్పుడు ఆ పక్క ఎవరున్నారు?’ చివరి ఇరవై నిమిషాలు ఏ నియమమూ లేని మామూలు మ్యాచ్, ఆ సమయంలో నేను నోరు మూసుకోవడం. ఈ చివరి భాగమే నాకు అన్నింటికంటే కష్టం. కొన్ని వారాల తరువాత అదే నెమ్మదస్తుడైన పిల్లవాడికి మళ్లీ గీతలు గీయడం మొదలుపెట్టి, అరగంటకే నూరు దాటిపోయాక ఆపేశాను.

బంతి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు మూడో నంబరు బంతి, పన్నెండేళ్ల దాకా నాలుగో నంబరు, ఆ పైవాళ్లకు అయిదో నంబరు అన్నది ఎక్కువగా పాటించే లెక్క. పెద్దవాళ్లు ఆడే అయిదో నంబరు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. మనవాళ్లు మాత్రం, పెరిగాక కూడా పనికొస్తుందని స్కూల్ యూనిఫాం రెండు సైజులు పెద్దది కుట్టించినట్లు, తొమ్మిదేళ్లవాడికి అయిదో నంబరు కొని పంపుతారు. ఆ బరువుకు పాదం లోపలి భాగంతో కొడితే బంతి కదలదు కాబట్టి, పిల్లవాడు వేలి కొసతో పొడవడం అలవాటు చేసుకుంటాడు, ఆ అలవాటు మాన్పించడానికి మళ్లీ ఒక ఏడాది. తలతో కొట్టడం మా దగ్గర అసలు లేదు. అమెరికాలో పదేళ్లు, అంతకు తక్కువ వయసున్న పిల్లలకు దాన్ని వద్దన్నది 2015లో, ఇంగ్లండ్‌లో ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల శిక్షణ నుంచి తీసేసింది 2020లో. నేల మీద బంతినే ఇంకా సరిగా అందుకోలేని వయసులో గాలిలోని బంతి కోసం తొందరేమీ లేదు.

తల్లిదండ్రులతో నాకు వచ్చే పేచీ ఎక్కువగా స్థానాల గురించే. ‘మావాడు స్ట్రైకర్ సార్, వెనక ఆడించకండి’ అని ఒక తండ్రి ప్రతి ఆదివారం గుర్తుచేసేవారు. పన్నెండేళ్ల దాకా ఎవరికీ స్థిరమైన స్థానం ఉండదనీ, గోల్‌కీపర్ చేతి తొడుగులు కూడా వారానికొకరి చేతికి మారుతాయనీ ఆయనకు నెమ్మదిగానే చెప్పాను. ఇవాళ అందరికంటే పొడవుగా, వేగంగా ఉండి వరుసగా గోల్స్ కొట్టే పిల్లవాడు, రెండేళ్లలో మిగిలినవాళ్లు కూడా పెరిగేసరికి, వేగం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదని తెలుసుకుని దిగులుపడటం నేను కళ్లారా చూశాను. ఆ తండ్రి ఒప్పుకున్నారో లేదో నాకు తెలియదు గానీ, పిల్లవాడిని పంపడం మాత్రం మానలేదు.

ఏప్రిల్, మే నెలల్లో ఆరింటికే మొదలుపెట్టి ఏడుంబావుకల్లా ముగిస్తాం, పదిహేను నిమిషాలకొకసారి ఎవరూ అడగకుండానే నీళ్లు. అసలు ఇబ్బంది వానాకాలంలో వస్తుంది. మా మైదానం రెండు జల్లులకే చెరువవుతుంది, అప్పుడు అపార్ట్‌మెంట్ సెల్లారే మాకు దిక్కు. సగం గాలి తీసిన పాత బంతులు ఎక్కువగా ఎగరవు కాబట్టి, ఒక్కో స్తంభానికి ఇద్దరేసి పిల్లలను పెట్టి, స్తంభానికి కొట్టి తిరిగి వచ్చిన బంతిని ఒకసారి కుడికాలితో, ఒకసారి ఎడమకాలితో అందుకోమంటాను. మైదానంలో రాళ్లకు తగిలి పక్కదారి పట్టే బంతి ఇక్కడ నున్నని గచ్చు మీద తిన్నగా వస్తుంది కాబట్టి, మొదటి స్పర్శ నేర్పడానికి ఇదే మేలేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. ఏడింటికి కార్లు బయటికి తీసేవాళ్లు దిగుతారు. ఆరుంబావుకు పిల్లలు వచ్చేసరికి వాచ్‌మన్ తాత స్తంభాల పక్కనున్న స్కూటర్లను ఒక పక్కకు జరిపి ఉంచుతాడు, అద్దానికి బంతి తగిలితే మాత్రం ఆ రోజుకు ఆట బంద్ అని ముందే చెప్పేశాడు.