కొండ కనపడాలంటే లెక్క ఒక్కటే చాలదు

కాస్త ఎత్తైన చోటు దొరికితే చాలు, నా కళ్ళు దిగంతం మీదికే పోతాయి. ఆ నీలంగా ఉన్నది మబ్బా, కొండా అని పక్కనున్నవాళ్ళను విసిగిస్తాను. కాసేపు చూస్తే మబ్బు ఆకారం మార్చేస్తుంది, దొరికిపోతుంది.

లెక్క సులువే. మీరున్న ఎత్తును మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. నేల మీద నిలబడ్డ మనిషికి ఐదు కిలోమీటర్లు కూడా రాదు. కానీ కొండకీ ఎత్తుంది కదా! దానికీ ఇదే లెక్క కట్టి రెండూ కలపాలి. 8,849 మీటర్ల ఎవరెస్టుకైతే, మధ్యలో అడ్డేమీ లేదనుకుంటే, ఒక్కదానికే 336 దాకా వస్తుంది.

ఇక్కడో తమాషా ఉంది. 2016 జూలైలో మార్క్ బ్రెట్ అనే ఆయన ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దు పర్వతాలైన పిరెనీస్‌లోని ఫినెస్ట్రెల్స్ శిఖరం నుంచి ఆల్ప్స్‌లోని పిక్ గాస్పార్‌ను ఫోటో తీశాడు. దూరం 443 కిలోమీటర్లు. మొదటిది 2,800 మీటర్ల పైచిలుకు, రెండోది 3,900కి కాస్త తక్కువ. పై లెక్క ప్రకారం 412 దగ్గరే కథ అయిపోవాలి. మరి ఎలా కనపడింది? కింది గాలి చిక్కన, పైది పల్చన. దాంతో కాంతి కిరణం భూమి వంపు వెంటే కొంచెం వంగుతుంది. అందుకని 3.57 బదులు 3.86 వేసి చూడండి, 445 దాటుతుంది. బొటాబొటీగా బయటపడిందన్నమాట!

అయినా అసలు పేచీ గాలితోనే. మనకూ కొండకూ మధ్యనున్న గాలి ఎండను చెదరగొట్టి తనే వెలుగుతుంది. ఆ వెలుగులో ముందు లోయలు, బండలు, చెట్లు మాయమవుతాయి, నీలి గీత మిగులుతుంది, తర్వాత అదీ పోతుంది. దూరపు కొండలు నునుపవడం వెనక సంగతి ఇదే. దుమ్ము, పొగ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పుణ్యమా అని పంజాబులోని జలంధర్ మేడల మీంచి హిమాచల్ వైపున్న ధౌలాధార్ మంచుకొండలు కనపడ్డాయి. కొండలెప్పుడూ అక్కడే ఉన్నాయి, మధ్యలో పొగ తగ్గిందంతే.

బ్రెట్ ఫోటో సూర్యోదయ వేళది. కొండ వెనక ఆకాశం వెలుగుతుంటుంది, మధ్యలో గాలికి ఇంకా ఎండ తగలదు. నల్లటి అంచు స్పష్టంగా తేలుతుంది. తొమ్మిదింటికి తీరిగ్గా వెళ్ళి ఏమీ కనపడలేదనేవాళ్ళకు నేను చెప్పేదొకటే: వాన వెలిసిన మర్నాడు, తెల్లారకముందే వెళ్ళండి. కొండ మొదలు కోసం మాత్రం వెతక్కండి, అది దిగంతం కిందే ఉంటుంది.