నాలుగున్నర ఆకలికి ముందురాత్రి నానబెట్టిన గింజలు

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో పిల్లలు బడి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, సంచులు గోడవారన పెట్టేసరికి సాయంత్రం నాలుగున్నర అవుతుంది. ఆ వేళకు వారికి వేసే ఆకలి రాత్రి అన్నం దాకా ఆగేది కాదు. రెండేళ్ల కిందటి వరకు మా ఇంట్లో ఆ ఆకలి తీర్చినవి సందు మొదట్లోని కొట్టులో దండలుగా వేలాడే పొట్లాలే. ఒకనాడు మా అమ్మాయి పొట్లం వెనక ఉన్న సన్నని అక్షరాలను కూడబలుక్కుని చదువుతుంటే, పక్కన కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్న మా అత్తగారు విని, "మాల్టోడెక్స్‌ట్రిన్ అంటే ఏ పంటమ్మా, మన సంతకు వస్తుందా?" అని అడిగారు. ఆవిడ నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నాకు చెప్పడానికి మాట తోచలేదు. అది పిండిపదార్థాన్ని విడగొట్టి కర్మాగారంలో తీసే పొడి అని తర్వాత చదివి తెలుసుకున్నాను. పొట్లం మీద దినుసుల పేర్లను బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరుసగా రాస్తారన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆ లెక్కన మా పిల్లలు తింటున్నదాంట్లో మొదటి మూడూ మైదా, పామాయిలు, పంచదార.

నాటి నుంచి మా ఇంటి చిరుతిళ్లను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చాను. ఈ పనిలో నాకు ఎక్కువగా ఉపయోగపడినది కొత్త వంటకాల పరిజ్ఞానం కాదు. పొట్లానికి ఉన్న బలమంతా అది అప్పటికే తయారై ఉండటంలోనే ఉంది కాబట్టి, మన ఇంటి వస్తువు కూడా నాలుగున్నరకు ముందే సగం తయారై ఉండాలి. అంటే ముందురాత్రి గిన్నెలో గుప్పెడు గింజలు నానాలి, ఆదివారం రెండు డబ్బాలు నిండాలి, సంతరోజున సంచిలో దుంపలో పిక్కలో పడాలి.

ఇటువంటి ఇంటి తిండిని శుద్ధి చేయని (ప్రాసెస్ చేయని) ఆహారం అంటుంటారు కానీ, ఆ మాటను కొంచెం జాగ్రత్తగా వాడాలి. వేయించడం, దంచడం, విసరడం, ఎండబెట్టడం, పులియబెట్టడం అన్నీ ఒక రకంగా శుద్ధి చేయడమే. అవి లేకుండా మన వంటిల్లే లేదు. బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మాంటీరో బృందం 2009 నుంచి ప్రచారంలోకి తెచ్చిన నోవా వర్గీకరణ ఆహారాన్ని నాలుగు గుంపులుగా విడదీస్తుంది. అందులో చివరి గుంపు అతిగా శుద్ధి చేసినవి. అంటే ఇంటి వంటగదిలో కనిపించని పదార్థాలతో, కర్మాగారంలో మాత్రమే తయారు కాగలిగినవి. 2024లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వెలువరించిన 17 మార్గదర్శకాలలో కూడా ఇటువంటి తిండిని బాగా తగ్గించుకోమనీ, పొట్లం మీద రాసినదాన్ని చదవమనీ ఉంది. మా అత్తగారు అడిగిన ప్రశ్ననే నేను కొలబద్దగా పెట్టుకున్నాను: ఇది మన సంతకు వస్తుందా, రాదా?

మా సంతకు వచ్చేవాటిలో అన్నిటికంటే ముందు చెప్పవలసినవి చోళ్లు. మిగతా తెలుగుదేశం రాగులు అంటుంది, ఇక్కడి ఒడియావారు మాండియా అంటారు, మేము శ్రీకాకుళం వైపు వారిలాగే చోళ్లు అంటాము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై పర్లాకిమిడి ఇటు వచ్చింది కానీ, వంటింటి మాటలు మాత్రం అటూ ఇటూ కలిసే ఉన్నాయి. కొండల మీది నుంచి సవర ఆడవాళ్లు తెచ్చే చోళ్లు ముదురు ఎరుపులో, కాస్త మట్టి, కాస్త పొట్టు కలిసి ఉంటాయి. చాటలో చెరిగి, మూడు నీళ్లు పోసి కడిగితే తప్ప బాగుపడవు. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల పథకాన్ని మొదట ఏడు జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు వాటిలో మా గజపతి జిల్లాతో పాటు రాయగడ, కోరాపుట్ కూడా ఉన్నాయి. ఏటా నవంబరు 10న మాండియా దిబస అని పండుగలా జరుపుతారు. నా చిన్నతనంలో చోడి అంబలి తాగామని పదిమందిలో చెప్పుకోవడానికి సంకోచించేవాళ్లం. ఇప్పుడు అవే చోళ్లతో చేసిన లడ్డూలను అంగన్వాడీ పిల్లలకు పెడుతున్నారంటే నాకు మనసు నిండుతుంది.

నూరు గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది; బియ్యంలో ఉన్నది దానితో పోలిస్తే లెక్కలోకి రాదు. అయితే గింజలో ఉన్నదంతా ఒంటికి పట్టదు, ఎందుకంటే పొట్టులోని ఫైటేట్లు ఖనిజాలను పట్టి ఉంచుతాయి. నానబెట్టి మొలకెత్తించినప్పుడు ఆ పట్టు సడలుతుంది. అందుకే నేను చోళ్లను నేరుగా మరపట్టించను. రాత్రి నీళ్లలో పోసి, ఉదయం వార్చి, తడి పలచటి నూలు గుడ్డలో వదులుగా మూట కట్టి, గాలి తగిలేచోట వేలాడదీస్తాను. ఎండాకాలంలో అయితే మర్నాటికే గుడ్డ అల్లికలోంచి తెల్లటి మొలకలు సూదిమొనల్లా బయటికి వస్తాయి. మూట విప్పితే గింజలన్నీ ఒకదానికొకటి అల్లుకుని చాపలా లేస్తాయి. వాటిని విడదీసి, నీడలో ఒక పూట, ఎండలో ఒక పూట ఆరబెట్టి, మూకుడులో సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చే వరకు వేయించి, ఆ తర్వాతే మరకు పంపుతాను.

ఈ పని వర్షాకాలంలో చేయరాదని నేను రెండు కిలోలు పోగొట్టుకుని నేర్చుకున్నాను. శ్రావణమాసంలో నాలుగు రోజులు విడవకుండా ముసురు పట్టింది. మొలకెత్తిన చోళ్లు ఆరక, మూడో నాటికి బూడిదరంగు నూగు పట్టి, పుల్లటి వాసన వేశాయి. కడిగి వేయిస్తే బాగుంటాయేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను కానీ, బూజు పట్టిన ధాన్యంలోని విషం వేయించినంత మాత్రాన పోదు కనుక మొత్తం పారబోశాను. ఇప్పుడు వర్షాలకు ముందే, వైశాఖ జ్యేష్ఠాల ఎండలోనే, మూడు నెలలకు సరిపడా పిండి చేసి పెట్టుకుంటున్నాను. వేరుశనగ గుళ్లకు కూడా ఇదే జాగ్రత్త అవసరం: ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదుగా తగిలినవి ఏరి పారవేయాలి. ఒక్క చేదు గింజ వేరుశనగ ఉండ రుచిని పాడుచేయడం సరే, ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ కాలేయానికి హాని చేస్తుంది.

ఆ పిండితో చేసే చోడి ఉండల పాళ్లు మా ఇంట్లో ఇవి. పావుకిలో పిండిని రెండు చెంచాల నెయ్యిలో మరోసారి దోరగా వేయించాలి. నూరు గ్రాముల నువ్వులను విడిగా చిటపటలాడేలా వేయించి, సగం పొడిచేసి సగం గింజలుగానే ఉంచాలి. నూట యాభై గ్రాముల బెల్లాన్ని తురిమి, రెండు యాలకులు వేసి, అన్నీ కలిపి రోట్లో నాలుగు పోట్లు పొడిస్తే బెల్లం కరిగి పిండిని పట్టుకుంటుంది. పాకం పట్టవలసిన పని లేదు. పిడికిట్లో ముద్ద చేసి వదిలితే వేళ్ల అచ్చులు దాని మీద నిలవాలి, అప్పుడే ఉండ కట్టడానికి వచ్చిందని గుర్తు. విరిగిపోతుంటే గోరువెచ్చని పాలు ఒక చెంచా చిలకరిస్తే సరిపోతుంది, కానీ పాలు కలిపిన ఉండలు రెండు రోజులకు మించి నిల్వ ఉండవు. నిమ్మకాయంత ఉండలు ఇరవై వస్తాయి. ఒక్కోదానిలో బెల్లం ఏడెనిమిది గ్రాములు.

ఆ లెక్క చెప్పడానికి కారణం ఉంది. బెల్లంతో చేసినదైతే ఎంత తిన్నా మంచిదే అన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. బెల్లంలో ఖనిజాలు కొద్దిగా ఉన్న మాట నిజమే అయినా, దానిలో అత్యధిక భాగం పంచదారలో ఉన్న చక్కెరే. రోజులో తీసుకునే శక్తిలో ఇటువంటి చక్కెరల వాటా పదో వంతు కంటే తక్కువ ఉండాలనీ, ఇరవయ్యో వంతుకు తగ్గిస్తే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. కాబట్టి మా పిల్లలకు రోజుకు ఒక్క ఉండే. అది కూడా గుగ్గిళ్ల తర్వాతే.

గుగ్గిళ్లే నిజానికి మా ఇంటి రోజువారీ చిరుతిండి. పండుగ ప్రసాదంగా మాత్రమే గుగ్గిళ్లు వండుకునే ఇళ్లు చాలా ఉన్నాయి, కానీ శనగలు, బొబ్బర్లు, పెసలు, ఉలవలు నాలుగూ ఇంట్లో ఉంటే వారమంతా ఏ రోజూ నిన్నటి రుచి రాదు. రాత్రి భోజనాల గిన్నెలు కడిగాక ఒక సోలెడు గింజలు కడిగి నీళ్లు పోయడం ఇప్పుడు తలుపు గడియ వేయడం వంటి అలవాటైంది. మధ్యాహ్నం ఉప్పు వేసి ఉడకబెట్టి, నీళ్లు వార్చి పెట్టుకుంటే, పిల్లలు కాళ్లు కడుక్కుని వచ్చే లోపల ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపులో ఒక్క తిప్పు తిప్పితే చాలు. వార్చిన నీళ్లను పారబోయకుండా రాత్రికి చారు పెడతాను. ఉలవల నీళ్లతో పెట్టిన చారు కోసం మా మామగారు ఇంకో ముద్ద అన్నం పెట్టించుకుంటారు. దించాక నిమ్మరసం పిండడం మరచిపోకూడదు, ఎందుకంటే పప్పుగింజలలోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపులోని విటమిన్ సి తోడ్పడుతుంది. టీ దానికి అడ్డుపడుతుంది కాబట్టి, గుగ్గిళ్లతో పాటే టీ తాగే మా పెద్దల అలవాటును గంటసేపు వెనక్కి జరిపాను.

మా పక్కింటి మౌసీ ఒడియావారు. కార్తీక బహుళాష్టమినాడు, అంటే వారి లెక్కలో మార్గశిరంలో వచ్చే ప్రథమాష్టమినాడు, ఇంటి పెద్దబిడ్డ క్షేమం కోరి ఆవిడ ఎండురి పిఠా చేస్తారు. మినప్పప్పు ఒక పాలు, బియ్యం రెండు పాళ్లు రుబ్బి, రాత్రంతా పులియనిచ్చి, పచ్చి పసుపాకు మీద పరిచి, మధ్యలో కొబ్బరి బెల్లం కలిపిన లౌజు పెట్టి, ఆకును నిలువుగా మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు. మూత తీసినప్పుడు వచ్చే పసుపాకు వాసన మా పెరటి దాకా వస్తుంది. ఆకు ఒలిచాక పిఠా మీద ఈనెల గీతలు సన్నగా, లేతపచ్చగా దిగి ఉంటాయి. మా అత్తగారు వేసే ఆవిరి కుడుము కూడా ఈ కుటుంబానికి చెందినదే: ఇడ్లీపాత్రకు బదులు గిన్నె మూతికి గుడ్డ కట్టి, దాని మీద మినప్పిండి పోస్తారు. నూనె చుక్క అవసరం లేని ఈ రెండు తినుబండారాలనూ పండుగరోజుల నుంచి మామూలు రోజులకు తీసుకురావచ్చని మౌసీని చూసే నేర్చుకున్నాను. ఇడ్లీపిండి మిగిలిన రోజున, పెరట్లో పసుపాకు ఉన్న నెలల్లో, లోపల లౌజుకు బదులు ఉడికించిన బొబ్బర్లు, అల్లం, పచ్చిమిర్చి పెట్టి చేస్తాను. మా అబ్బాయికి ఇదే ఎక్కువ ఇష్టం.

వేసవిలో పనస వస్తుంది. తొనలు తినడం అందరికీ తెలిసినదే కానీ పిక్కలను పారవేసే ఇళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. పిక్కలను కడిగి, జిగురు పోయేలా ఆరబెట్టి, కుంపటి నిప్పుల అంచున పెడితే పది నిమిషాలకు పైపొర చిట్లుతుంది. ముందుగానే ఒక్కో పిక్కకు చాకుతో గాటు పెట్టాలి, లేకపోతే పేలి నిప్పులు చిమ్ముతాయి. తెల్లటి తొక్క ఒలిచి, లోపలి ఎర్రటి పలచటి పొరను అలాగే ఉంచి, ఉప్పు, మిరియాల పొడి చల్లి వేడివేడిగా ఇస్తే పిల్లలు లెక్కపెట్టుకుని పంచుకుంటారు. పచ్చివి తినకూడదు, అరగవు. చలికాలంలో తేగలు, చిలగడదుంపలు ఉంటాయి. వాటికి వంట అన్న మాటే అక్కరలేదు, ఉడకబెట్టడమో నిప్పుల్లో కాల్చడమో చాలు. మా కొండల జీడిపప్పు కూడా మంచిదే కానీ దాని ధరకు దాన్ని రోజువారీ తిండి అనలేను.

ఐదేళ్ల లోపు పసివాళ్లున్న ఇళ్లలో ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. వేరుశనగ గుళ్లు, జీడిపప్పు, వేయించిన శనగలు గింజలుగా చేతికి ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. పొడిచేసి ఉండలోనో, మెత్తగా ఉడికించి మెదిపో పెట్టాలి.

ఏమీ నానబెట్టని రోజులు కూడా ఉంటాయి. ప్రయాణం నుంచి వచ్చిన రోజు, జ్వరం తగిలిన రోజు. అప్పటికి మరమరాలు ఉన్నాయి. ఒడియావారు ముఢి అనే ఇవి లేని ఇల్లు ఒడిశాలో ఉండదు, మా ఇంట్లోనూ గాలి చొరని రేకు డబ్బా నిండా ఉంటుంది. మెత్తబడితే మూకుడులో రెండు నిమిషాలు వట్టిగా వేయిస్తే మళ్లీ కరకరలాడతాయి. అందులో వేయించిన వేరుశనగ, కొబ్బరిముక్కలు, కీరదోస, ఉల్లిపాయ, దొరికిన కాలంలో పచ్చిమామిడి కోరు వేసి, పైన చెంచాడు ఆవనూనె పోస్తే ఇక్కడివారి రుచి, నూనెకు బదులు నిమ్మరసం పిండితే మా రుచి. తడి తగిలిన మరుక్షణమే మెత్తబడతాయి కనుక మనుషులు కూర్చున్నాకే కలపాలి. మొన్న నాకు తలనొప్పిగా ఉండి పడుకున్నప్పుడు మా అమ్మాయి ఇదంతా తానే తరిగి కలిపి, మామ్మకు పళ్లకు అడ్డం రాకుండా కొబ్బరిని విడిగా తురిమి వేసి, నలుగురికీ నాలుగు గిన్నెల్లో పెట్టింది. ఉప్పు వేయడం మరచిపోయింది. వేరుశనగ, పచ్చిమామిడి ఉన్నందువల్ల ఎవరికీ అది తెలియలేదు. నేనూ అప్పటి నుంచి వేయడం మానేశాను.