భూమి పంపకం దావా, వకీలు ఫీజు పంచాయితీ

వకీలుకూ క్లయింటుకూ మధ్య పైసల పంచాయితీ "మొత్తం కలిపి ఇంత" అని నోటిమాటగా అనుకున్న రోజే మొదలవుతుంది, కాకపోతే బయటపడేది ఏళ్ళ తర్వాత. దేవరకొండ దగ్గర మా చిన్నాయన భూమి పంపకం దావాలో అదే జరిగింది. ప్రిలిమినరీ డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే మొదటి ఉత్తర్వు, వచ్చింది, ఇంట్లో మిఠాయిలు కూడా పంచారు. అంతలోనే వకీలు గుమస్తా ఫోన్ చేసి, ఫైనల్ డిక్రీకి పిటిషన్ వేయాలి, దానికి ఫీజు వేరే అన్నాడు. "కేసు గెలిచినంక మళ్ళ పైసలేంది సారూ?" అని చిన్నాయన. "నేను మాట్లాడింది దావాకే గదా పెద్దమనిషీ" అని వకీలు.

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు, అసలు చిక్కు అదే. పంపకం దావాలో మొదటి డిక్రీ ఎవరికెంత వాటా అన్నంతవరకే చెబుతుంది. ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా ఎవరిదో తేలాలంటే కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే తన తరఫున భూమి చూసి రిపోర్టు ఇచ్చే వకీలును, వేయాలి, ఆయన సర్వేయర్‌ను వెంటబెట్టుకొచ్చి కొలిపించాలి, ఆ కమిషనర్ ఫీజు మనమే కట్టాలి, రిపోర్టు మీద అవతలివాళ్ళు అభ్యంతరాలు వేస్తే వాటికి మళ్ళీ వాయిదాలు, అవన్నీ అయ్యాకే ఫైనల్ డిక్రీ, దానికి స్టాంపు పేపర్ల ఖర్చు. ఈలోపు ఎవరైనా చనిపోతే వారసులను చేర్చడానికి ఇంకో పిటిషన్. ఇదంతా మొదటి రోజే పైసాతో సహా లెక్కగట్టడం ఏ వకీలు వల్లా కాదు, ఒప్పుకుంటా. కానీ ఇన్ని మెట్లున్నాయని చెప్పడానికేం?

ఇంగ్లాండ్‌లో సొలిసిటర్లు, అంటే అక్కడి వకీళ్ళు, ఖర్చు ఎంతవుతుందో మొదట్లోనే కాదు, కేసు నడిచేకొద్దీ కూడా వీలైనంత స్పష్టంగా చెబుతూ ఉండాలని వాళ్ళ నియమావళిలోనే ఉంది. ఇక్కడ ఆ లెక్క కాగితం మీద రాసిమ్మని అడిగితే "నమ్మకం లేదా?" అంటారు.

అట్లని మనకు ఏ ఆధారమూ లేదని అనుకోవద్దు. క్లయింటు డబ్బుకు వకీలు లెక్క రాయాలి, అడిగితే కాపీ ఇవ్వాలి, ఇది వకీళ్ళ మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమమే. గెలిస్తే వచ్చినదాంట్లో ఇంత శాతం అన్న బేరం అసలు చెల్లదు. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో, అట్లాంటి ఫీజు కోసం తీసుకున్న చెక్కు బౌన్స్ అయిందని వకీలు పెట్టిన కేసును 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఫీజు బాకీ ఉందని వకీలు కేసు ఫైలు తిరిగివ్వకుండా ఆపడమూ కుదరదు, సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. ఆపితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కన్జ్యూమర్ కోర్టుకు పోతానని మాత్రం బెదిరించకండి, వకీళ్ళ సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పేసింది.

చివరికి చిన్నాయన, వకీలు కూర్చొని ఫైనల్ డిక్రీ దాకా ఎంత, కమిషనర్ ఖర్చు ఎవరిది, అప్పీలుకు పోతే సంగతేంటని ఒక తెల్లకాగితం మీద రాసుకున్నారు. అదే కేసులో మా మేనత్తకూ వాటా ఉంది. ఆమె నల్లగొండలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకుంది, ఆడవాళ్ళకైతే అక్కడ ఆదాయం ఎంతని చూడరు, వకీలును ఉచితంగానే పెడతారు.