దురదాకుల ఊరికి మూడు పేర్లు

బ్రెన్నర్‌లో రైలు మారాలి. ఆస్ట్రియా రైలు దిగి ప్లాట్‌ఫామ్ మీద నిలబడేసరికి అక్టోబరు చలి చెవుల్ని పట్టేసింది. ఇక్కడినుంచి ఇటలీ. లోకల్ రైలు కదిలాక స్పీకర్లో స్టేషన్ల పేర్లు మొదలయ్యాయి. కొల్లె ఇసార్కో, గోసెన్‌సాస్. విపితేనో, స్టెర్జింగ్. ఫోర్తెజ్జా, ఫ్రాంజెన్స్‌ఫెస్టె. జంట నగరాల్లాగా పక్కపక్కన రెండేసి ఊళ్ళున్నాయేమో అనుకున్నా. మూడో స్టేషన్ దాటాకగానీ అర్థం కాలేదు, ఊరు ఒకటే, పేర్లే రెండని.

మ్యూనిక్‌లో ఉద్యోగం చేసేవాళ్ళు సెలవు దొరికితే దక్షిణానికి పరిగెడతారు. నేనూ అంతే, కొండలు చూద్దామని బయల్దేరాను. కొండలు చూశాను కూడా. కానీ నా దృష్టంతా బోర్డుల మీదికే పోయింది. ఈ ప్రాంతం పేరే ఒక తగువు. జర్మన్ మాట్లాడేవాళ్ళకి ఇది జూడ్‌టిరోల్, అంటే దక్షిణ టిరోల్. ఇటాలియన్లకి ఆల్తో అదిజె, అదిజె నది ఎగువ ప్రాంతం. ఏ పేరు పలికితే ఆ పక్షం కిందే లెక్క.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1919 సంధిలో ఆస్ట్రియా నుంచి ఈ నేల ఇటలీ చేతికి వచ్చింది. జనమేమో దాదాపు అంతా జర్మన్ మాట్లాడేవాళ్ళు. అయితే పేర్ల పని అంతకు ముందే మొదలైంది. ఎత్తోరె తోలొమెయి అనే ఇటాలియన్ జాతీయవాది 1904లో ఇక్కడో శిఖరం ఎక్కాడు. గ్లోకెన్‌కార్‌కోప్ఫ్ అనే ఆ శిఖరానికి 'వెత్తా దిటాలియా', అంటే ఇటలీ శిఖరం, అని పేరు పెట్టేశాడు. ఎక్కిన మొదటివాణ్ణి నేనేనని కూడా చెప్పుకున్నాడు. నిజానికి 1895లోనే ఇంకొకరు ఎక్కారు. పైగా అప్పటికి అది ఆస్ట్రియా కొండ! 1916లో, యుద్ధం నడుస్తుండగానే, వేల ఊళ్ళకి, వాగులకి, గుట్టలకి ఇటాలియన్ పేర్లు రాసి ఒక జాబితా అచ్చేయించాడు. 1923లో ముస్సోలినీ ప్రభుత్వం ఆ జాబితాకే అధికార ముద్ర వేసింది.

ఆయన పద్ధతులు చూస్తే కోపం కన్నా ముందు నవ్వొస్తుంది. కొన్నిచోట్ల చివర ఒక 'ఓ' తగిలిస్తే సరి. మోస్ మోసో అయింది. కొన్నిటిని ఉన్నదున్నట్టు అనువదించాడు. స్టెర్జింగ్ కోసం రోమన్ల కాలం నాటి విపితేనుమ్ అనే పేరు తవ్వి తీశాడు. ఇన్నిఖెన్‌కి అక్కడి చర్చిలో సెయింట్ పేరు పెట్టి సాన్ కాందిదో అన్నాడు. అన్నీ ఆయన కల్పించినవే అనడం కూడా తప్పు. బోల్జానో (జర్మన్‌లో బోట్‌సెన్) లాంటి పేర్లు ఇటాలియన్ల నోట అంతకు ముందునుంచీ ఉన్నాయి. ఈ మాట జర్మన్ పక్షంవాళ్ళకి అంతగా రుచించదు.

బోర్డులతో ఆగి ఉంటే బాగుండేది. బడుల్లో జర్మన్ ఆపేశారు, పిల్లలకి దొంగచాటుగా ఇళ్ళలో పాఠాలు చెప్పుకున్నారు. 1927లో సమాధి రాళ్ళ మీద కూడా కొత్తగా జర్మన్ రాయకూడదన్నారు. 1939లో హిట్లర్, ముస్సోలినీ కూడబలుక్కుని, జర్మనీకి వెళ్ళిపోతారా, ఇక్కడే ఇటాలియన్లుగా ఉంటారా తేల్చుకోమన్నారు. ఎనభై శాతం పైగా వెళ్ళిపోతామనే రాశారు. నిజంగా వెళ్ళింది 75,000 మంది దాకా. 1961 జూన్‌లో ఇటలీ నుంచి విడిపోవాలనేవాళ్ళు ఒక్క రాత్రిలో పదుల కొద్దీ కరెంటు టవర్లు పేల్చేశారు. 1972 స్వయంపాలన చట్టం తర్వాతే కాస్త నెమ్మదించింది.

బోల్జానోలో ముస్సోలినీ కట్టించిన 1928 నాటి విజయ స్మారకం తెల్లగా, బరువుగా నిలబడి ఉంటుంది. దాని మీద లాటిన్‌లో ఏముందంటే, ఇక్కడినుంచే మిగతావాళ్ళకి భాష, చట్టాలు, కళలు నేర్పామట. ఇప్పుడు ఒక స్తంభానికి ఎర్ర అక్షరాలు తిరిగే లైట్ల పట్టీ చుట్టారు, పెద్దమనిషి వేలికి ప్లాస్టిక్ ఉంగరం తొడిగినట్టు. 2001లో మున్సిపాలిటీ ఈ చోటికి 'శాంతి కూడలి' అని పేరు మార్చింది. మరుసటి ఏడే ఓటింగ్ పెడితే అరవై శాతం పైగా పాత పేరే కావాలన్నారు. మళ్ళీ 'విజయ కూడలి' అయింది.

ఎదురుగా చిన్న కాఫీ బార్. కౌంటర్లో ఉన్న ఆయన ఇటాలియన్. వాళ్ళ తాత 1930లలో వెనెతో నుంచి ఇక్కడి ఫ్యాక్టరీ పనికి వచ్చాడట. "మీరెందుకు పాత పేరుకి ఓటేశారు?" అని అడిగేశాను. కప్పు తుడుస్తూ అన్నాడు: "ఫాసిస్టుల మీద ప్రేమతో కాదు. అదొక్కటీ తీసేస్తే తర్వాత మా వీధి పేరు, ఆ తర్వాత మేము. నేను పుట్టింది బోల్జానోలో. బోట్‌సెన్ అనే ఊళ్ళో కాదు." ఊళ్ళో ఇటాలియన్లే ఎక్కువ, దాటి నాలుగడుగులు వేస్తే జర్మన్లే. 2011 లెక్కల్లో ప్రాంతం మొత్తమ్మీద జర్మన్ 69, ఇటాలియన్ 26, ఇక్కడి కొండలోయల్లో మాట్లాడే లదీన్ అనే చిన్న భాష 4.5 శాతం.

మర్నాడు రోప్‌వేలో రిట్టెన్ కొండెక్కి, మట్టి స్తంభాలు చూద్దామని కాలిబాట పట్టాను. ఫోన్ మ్యాప్‌లో 'మోంతె ది మెజ్జో' అని ఉంది. దారి చీలిన చోట చెక్క బాణం మీద 'మిట్టెల్‌బెర్గ్' అని ఉంది. అది కాదులే అని రెండో దారి పట్టుకుని అరగంట నడిచాను. ఆవుల్ని తోలుకొస్తున్న పెద్దాయన్ని అడిగితే నా ఫోన్ వంక చూసి, "అది మా ఊరు కాదు, కాగితం మీది పేరు" అని కర్రతో వెనక్కి చూపించాడు. రెండూ 'నడిమి కొండే'! ఇక్కడి పర్వతారోహకుల సంఘం చాలాచోట్ల జర్మన్‌లో మాత్రమే బోర్డులు పెట్టడం మీద ఏళ్ళ తరబడి గొడవ జరిగింది. ఏ పేరు ఉంచాలో తేల్చడానికి 2012లో స్థానిక అసెంబ్లీ చట్టం చేస్తే, రోమ్ ప్రభుత్వం కోర్టుకెక్కింది. పెద్దాయన చెప్పింది నిజమే. కాకపోతే నిన్నటి కాఫీ ఆయనకి ఇటాలియన్ పేరే సొంతూరి పేరు.

రాత్రి బసకి లదీన్ లోయలోకి వెళ్ళాను. ఇక్కడ బోర్డు మీద మూడు పేర్లు. జర్మన్‌లో జాంక్ట్ ఉల్‌రిఖ్, ఇటాలియన్‌లో ఓర్తిసెయి, లదీన్‌లో ఉర్తిజేయ్. ముట్టుకుంటే దురద పెట్టే ఒక ఆకుంది, దాని లాటిన్ పేరునుంచి వచ్చింది లదీన్ పేరు. అంటే దురదాకులు మొలిచే చోటు. ఈసారి ఇటాలియన్ పేరే అసలుకి దగ్గర, జర్మన్ పేరు సెయింట్‌ది. ఎవరి వాదనకీ పనికిరాని ఊరు కాబట్టి నాకు బాగా నచ్చింది.

అక్కడే నాయన ఫోన్ చేశాడు. "ఏ ఊర్లో ఉండావురా?" మూడు పేర్లూ చెప్పాను. "అన్నెందుకు? మన బళ్ళారి మాదిరా?" అన్నాడు. మాది రాయదుర్గం. 1953లో మా తాలూకా ఆంధ్రాకి, బళ్ళారి మైసూరుకి పోయాయి. మా అమ్మమ్మ వాళ్ళది బళ్ళారి. నేను పుట్టిందీ అక్కడే. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడ. అమ్మమ్మకి ఈ రాష్ట్రాల గొడవ చచ్చేదాకా పట్టలేదు.

గెస్ట్‌హౌస్ ఆవిడ పాస్‌పోర్ట్ తీసుకుని కంప్యూటర్లో వివరాలు ఎక్కిస్తోంది.

"పుట్టిన ఊరు... బెల్లారి?"

"అది పాత స్పెల్లింగండీ. 2014లో బళ్ళారి అని మార్చారు."

ఆవిడ వేళ్ళు కీబోర్డ్ మీద ఆగాయి. కళ్ళద్దాల పైనుంచి చూసి నవ్వింది. "మీక్కూడానా? మరి ఏది రాయమంటారు?"

"పాస్‌పోర్ట్‌లో ఉన్నదే రాయండి," అన్నాను.