నీళ్లు తాగిన ఇంజన్: సెల్ఫ్ కొట్టే ముందు ఏం చూడాలి?

నీళ్లలో ఆగిపోయిన కారుకి పెద్ద దెబ్బ ఎక్కువగా తగిలేది ఆ తర్వాత కొట్టే సెల్ఫ్ దగ్గరే. ఆగిన చోట తాళం తీసేసి తోసుకుపోతే వేలల్లో పోయే ఖర్చు, రెండుసార్లు సెల్ఫ్ లాగితే లక్షకి చేరుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సెప్టెంబరు, అక్టోబరు వచ్చాయంటే ఈ బెడద తప్పదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నం దగ్గర దాటిన గులాబ్ లాంటి తుఫానులు పెద్దవి, అందరికీ గుర్తుంటాయి. అవి లేని ఏడాది కూడా నాగావళి, వంశధార పొంగితే కాజ్‌వేలు మునుగుతాయి, గట్టి వాన పడితే రైల్వే అండర్‌పాస్‌లు నిండుతాయి. ముందు పోయిన లారీ లేపిన అల ఒక్కటి చాలు, బానెట్ లోపల ఇంజన్‌కి గాలి లాగే గొట్టం మూతి మునిగి, సిలిండర్లోకి నీళ్లు పోవడానికి.

గాలిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. పిస్టన్ పైకొచ్చేసరికి మిగిలిన ఖాళీ కంటే నీళ్లు ఎక్కువుంటే ఏదో ఒకటి వంగాల్సిందే. ఆ వంగేది కనెక్టింగ్ రాడ్, అంటే పిస్టన్‌ని కిందున్న క్రాంక్‌కి కలిపే కడ్డీ. లెక్క వేసి చూడండి. 1.3 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్‌లో ఒక్కో సిలిండర్ సుమారు 312 సీసీ. కంప్రెషన్ రేషియో (లోపలికొచ్చిన గాలి ఎన్నో వంతుకి నలుగుతుందో చెప్పే అంకె) 17 అనుకుంటే పైన మిగిలే ఖాళీ 20 సీసీకి లోపే. 1.2 లీటర్ల పెట్రోల్‌లో రేషియో 11 అయితే 30 సీసీ. అంటే దగ్గు మందు సీసా మూతతో రెండు మూడు మూతలు. డీజిల్ బండ్లే ఎక్కువగా బలైపోవడానికి సగం కారణం ఈ లెక్కే, మిగతా సగం ఇంటర్‌కూలర్, అంటే టర్బో ఒత్తి పంపే గాలిని చల్లార్చే పెట్టె. దాని గురించి కింద చెప్తాను.

ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పండి. ఫిల్టర్ పొడిగా, డబ్బా అడుగున తడి లేకుండా ఉంటే గాలి దారిన నీళ్లు పోలేదనే చెప్పొచ్చు. ఫిల్టర్ కింది సగమే తడిసిందా, పైదాకా తడిసిందా, బురద చార ఎంత ఎత్తులో ఉందో ఫోటో తీసుకోండి. ఇన్సూరెన్స్ సర్వేయర్‌కీ అదే కావాలి. ఫిల్టర్ దాటి త్రాటిల్ వైపు గొట్టంలో చెయ్యి పెడితే తడి తగిలిందంటే, సిలిండర్లోకి పోయినట్టే లెక్క వేసుకుని పని మొదలుపెట్టాలి.

టర్బో ఉన్న బండికి ఇంటర్‌కూలర్ గొట్టాలు రెండు వైపులా ఊడదీయాలి. ఇంటర్‌కూలర్ చాలా బండ్లలో బంపర్ వెనక కిందగా ఉంటుంది, నీళ్లు అందులోనే నిలబడతాయి. సిలిండర్లు శుభ్రంగా ఖాళీ చేసి, ఆయిల్ మార్చి, ఇది మర్చిపోయి స్టార్ట్ చేస్తే కాస్త రేజ్ ఇవ్వగానే ఆ నీళ్లన్నీ ఒక్కసారి లోపలికి దూకుతాయి. అంతా బాగు చేశాక రాడ్ వంగిందని వినే కేసుల్లో ఇదే ముందు అనుమానించాల్సింది.

ఇప్పుడు డిప్‌స్టిక్, అంటే ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ. ఆయిల్ మ్యాక్స్ గీత దాటి ఉందంటే లోపల నీళ్లున్నాయి. కానీ ఆయిల్ రంగు ఇంకో సంగతి కూడా చెప్తుంది. పాలెక్కువైన టీ రంగులో ఉంటే, నీళ్లు పడ్డాక ఇంజన్ తిరిగింది, రెండూ చిలికినట్టు కలిశాయి. ఆయిల్ మామూలు రంగులోనే ఉండి, రాత్రంతా వదిలేసి పొద్దున డ్రెయిన్ నట్ మెల్లగా వదులు చేస్తే ముందు నీళ్లు, ఆ తర్వాత ఆయిల్ వస్తే, నీళ్లు పడ్డాక ఎవరూ సెల్ఫ్ కొట్టలేదన్నమాట. "నేను ముట్టుకోలేదు" అనే మాట నిజమో కాదో ఇక్కడే తేలిపోతుంది. కొద్ది తేమే ఉందేమో అనిపిస్తే, వేడి చేసిన ఇనుప రేకు మీద ఒక చుక్క వేయండి. చిటపటలాడితే నీళ్లున్నట్టు.

తర్వాత స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పాలి. డీజిల్‌కైతే, స్టార్టింగ్‌కి సిలిండర్‌ని వేడి చేసే గ్లో ప్లగ్గులు. పాతబడిన గ్లో ప్లగ్గు బలంగా తిప్పితే లోపలే విరుగుతుంది, తుప్పు వదిలే నూనె పోసి కాసేపు ఆగి చేత్తో తీయడం మేలు. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, ముందున్న క్రాంక్ పుల్లీ బోల్టుకి సాకెట్ పానా వేసి, బిగించే దిశలో మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టొద్దు, అక్కడితో ఆపి హెడ్ (సిలిండర్ల మీద బిగించిన పైభాగం) దింపడమే. సాఫీగా తిరిగితే ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, కాయిల్, ఇంజెక్టర్ కనెక్టర్లు ఊడదీసి, బ్యాటరీ పెట్టి మూడు నాలుగు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. ప్లగ్ రంధ్రాల మీదకి మొహం వంచొద్దు, నీళ్లు చిమ్ముకొస్తాయి. ఒక్కో సిలిండర్లో 5 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చేత్తో తిప్పితే రింగులు తుప్పు పట్టకుండా ఉంటాయి.

ఆయిల్ ఒక్కసారి మార్చితే చాలదు. మొదట చవక ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి, పది నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి దింపేయాలి. తెల్లదనం పూర్తిగా పోయేదాకా ఇదే పని, సాధారణంగా రెండు మూడు సార్లు. ఆ తర్వాతే కంపెనీ చెప్పిన గ్రేడ్.

స్టార్ట్ అయింది కదా అని బండి ఇచ్చేయడం పెద్ద తప్పు. కొంచెమే వంగిన రాడ్డుతో ఇంజన్ నెలల తరబడి నడుస్తుంది, తర్వాత ఏదో ఒక రోజు హైవే మీద ఆ రాడ్డు ఇంజన్ బ్లాకు పగలగొట్టుకుని బయటికొస్తుంది. అందుకే గేజీ పెట్టి కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నలుగుతోందో చూడాలి. ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఐదారు స్ట్రోకులు తిరిగేలా సెల్ఫ్ కొట్టాలి. పెట్రోల్‌కి మామూలుగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య వస్తుంది. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మూడింట్లో 170 వచ్చి ఒక్కదాంట్లో 135 వస్తే అనుమానించాల్సిందే. ఆ సిలిండర్లో 5 మి.లీ. ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు. పెరగకపోతే లీక్‌డౌన్ పరీక్ష: కంప్రెసర్ గాలి లోపలికి పెట్టి ఎంత పోతోందో చూడడం. గాలి పోతుంటే వాల్వో గ్యాస్కెట్టో. గాలి ఎక్కడా పోకుండా కంప్రెషన్ మాత్రం తక్కువుంటే, పిస్టన్ పైదాకా రావడం లేదు, రాడ్ వంగింది.

రూఢి చేసుకోవడానికి ప్లగ్ రంధ్రంలోంచి సన్నటి ప్లాస్టిక్ కడ్డీ దించి, పిస్టన్ పైకొచ్చినప్పుడు ఎంత లోతుందో గుర్తు పెట్టి నాలుగు సిలిండర్లూ పోల్చాలి. ఇనుప కడ్డీ వద్దు, గీతలు పడతాయి. 70 మిల్లీమీటర్ల బోరున్న పైన చెప్పిన డీజిల్‌లో పిస్టన్ పైకొచ్చే ఎత్తు ఒక్క మిల్లీమీటరు తగ్గినా ఖాళీ 4 సీసీ దాకా పెరిగి, రేషియో 17 నుంచి 14 చిల్లరకి పడిపోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక సిలిండర్ అందుకోక తెల్లపొగ కొట్టడం, వేడెక్కాక సర్దుకోవడం దీని లక్షణమే.

తెల్లపొగ అనగానే హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద బిగించే సీలు) పోయిందనేస్తారు. వరదకి సంబంధం లేకుండా నీళ్లు లోపలికి వచ్చే దారి అది, కానీ దాని గుర్తులు వేరు. బయట ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గిపోతుంటుంది, పొగలో తియ్యటి వాసన ఉంటుంది, స్టార్ట్ చేసిన వెంటనే రేడియేటర్ గొట్టం గట్టిపడుతుంది, కూలెంట్ ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తాయి. ఆ ట్యాంకు మూతి మీద పెట్టే పరీక్ష గొట్టంలోని నీలం ద్రవం పసుపుకి తిరిగితే కాలిన గ్యాస్ అందులోకి వస్తున్నట్టు. ఆయిల్ మూత కింద మాత్రమే కాస్త తెల్ల జిగురుంటే భయపడక్కర్లేదు. రోజూ రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండికి చలికాలంలో అది మామూలే. డిప్‌స్టిక్ మీద కూడా అదే ఉంటేనే ఆలోచించాలి.

డీజిల్‌లో నీళ్లు చేరితే ఫిల్టర్ అడుగున డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలో పట్టి అరగంట ఉంచండి, నీళ్లు అడుగున విడిగా కనపడతాయి. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. కొంత నీటిని అది తనలో కలుపుకుంటుంది. హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి అడుక్కి దిగుతాయి. పంపు లాగేది ఆ అడుగునుంచే కాబట్టి, ట్యాంకు దింపి కడగడం తప్ప మందులు పోసి లాభం లేదు.

ఇంజన్ లోపల పొడిగానే ఉండి బండి కుదుపుతుంటే కాయిల్స్, కనెక్టర్లు చూడండి. స్కానర్‌లో పీ0301 నుంచి పీ0304 దాకా వచ్చే కోడ్ ఏ సిలిండర్ మిస్ అవుతోందో చెప్తుంది. గేర్‌బాక్స్ ఆయిల్ కూడా ఒకసారి తీసి చూడాలి, దాని గాలి రంధ్రంలోంచి నీళ్లు పోతాయి.

ఇన్సూరెన్స్ మామూలు పాలసీలో, నీళ్లలో సెల్ఫ్ కొట్టి రాడ్ వంగిన ఇంజన్‌కి సాధారణంగా డబ్బు రాదు. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ (పాలసీకి తోడు తీసుకునే అదనపు కవర్) ఉందేమో చూసుకుని, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా ఇంజన్ విప్పొద్దు. భావనపాడు, కళింగపట్నం వైపు సముద్రపు నీరు తగిలిన బండికి మాత్రం అంత తీరిక ఉండదు. ఆ రోజే ఫోన్ చేసి, ఫోటోలు పంపి, అనుమతి అడిగి, కనెక్టర్లు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టించండి, ప్లగ్గులు విప్పించి సిలిండర్లలో ఆయిల్ పోయించండి.