సీజన్‌కి సంతకం పెట్టే ముందు

అమెరికాలో పిల్లలు రెండో తరగతికో మూడో తరగతికో వచ్చేసరికి శని, ఆదివారాలు ఇంటివాళ్ల చేతిలోంచి జారిపోతాయి. ఆగస్టు చివర్లో మొదలైన సాకర్ నవంబరు దాకా సాగుతుంది. చలి పడ్డాక జిమ్‌లో బాస్కెట్‌బాల్, మార్చి వస్తే బేస్‌బాల్ లేదా మళ్లీ సాకర్, బడి మూసేశాక స్విమ్ టీమ్. కొందరు తెలుగు తల్లిదండ్రులు చదువు పాడవుతుందని పిల్లల్ని ఆటకు అసలు దూరంగా ఉంచుతారు. ఇంకొందరు ఎంసెట్ కోచింగ్‌లో చేర్చినట్టే ఏడేళ్లకే ఊళ్లు తిరిగి పోటీపడే ట్రావెల్ టీమ్‌లో చేర్చి, వారం మధ్యలో ప్రైవేటు పాఠాలు పెట్టించి, పక్కింటి పిల్లాడు ఏ టీమ్‌లో ఉన్నాడో ఆరా తీస్తారు. ఈ మధ్య రెండో రకమే ఎక్కువ కనిపిస్తోంది. ఆట పిల్లలకు కావాలి, అందులో సందేహం లేదు. ఎంత కావాలన్నది మాత్రం ఇంట్లో తేలాలి. క్లబ్బు పంపే షెడ్యూలుకు ఆ నిర్ణయం వదిలేయకూడదు.

ఊరి పార్కుల శాఖ, వైఎంసీఏ, పిల్లల సాకర్ సంస్థ ఏవైఎస్ఓ లాంటివి నడిపేవి రెక్ లీగులు. వారానికి ఒకటో రెండో ప్రాక్టీసులు, శనివారం ఒక గేమ్, కోచ్‌గా ఎవరో ఒక పిల్లాడి అమ్మో నాన్నో. 1964లో మొదలైన ఏవైఎస్ఓలో ప్రతి పిల్లనీ ప్రతి గేమ్‌లో కనీసం సగం సమయం ఆడించాలన్నది మూల నియమం. ట్రావెల్ క్లబ్బు సంగతి వేరు. మే, జూన్‌లలో ట్రైఅవుట్లు (ఎంపిక పోటీలు), జీతం తీసుకునే కోచ్, వారానికి రెండు మూడు ప్రాక్టీసులు, పొరుగూళ్లలో గేములు, ఒక్కోసారి వేరే రాష్ట్రంలో టోర్నమెంటు. ఎంతసేపు ఆడిస్తారన్న హామీ చాలాచోట్ల ఉండదు. పదేళ్లలోపు పిల్లలకు రెక్ లీగే మేలని మా గట్టి అభిప్రాయం. ఆ వయసులో బంతి కాలికి ఎన్నిసార్లు తగిలిందన్నదే లెక్క. బెంచీ మీద కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లకు క్లబ్బు పేరు ఏమీ నేర్పదు.

ట్రైఅవుట్‌లో పేరు రాకపోతే పుట్టిన నెల ఒకసారి చూడండి. ఒకే వయసు విభాగంలో ముందు పుట్టిన పిల్లలు చివర పుట్టినవాళ్ల కంటే దాదాపు ఏడాది పెద్ద. తొమ్మిదేళ్లప్పుడు ఆ ఏడాది పొడుగులోనూ పరుగులోనూ కనిపిస్తుంది, కోచ్ కన్ను అటే పోతుంది. యూత్ సాకర్‌లో 2017 నుంచి జనవరి 1 ప్రకారం విభాగాలు చేశారు కాబట్టి నవంబరు, డిసెంబరు పిల్లలు వెనకబడ్డారు. 2026-27 సీజన్ నుంచి ప్రధాన సంస్థలు ఆగస్టు 1కి మారుతున్నాయి. ఇక చిన్నవాళ్లయ్యేది జూన్, జూలైలలో పుట్టినవాళ్లు. ఎంపిక కాని పిల్లకు ప్రతిభ లేదని అప్పుడే తీర్పు చెప్పేయకండి.

ఇక డబ్బు. ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ సర్వే ప్రకారం 2024లో ఒక కుటుంబం ఒక పిల్ల ప్రధాన ఆట మీద పెట్టిన ఖర్చు సగటున 1,016 డాలర్లు, 2019 కంటే 46 శాతం ఎక్కువ. ఇది రెక్ లీగ్ వాళ్లనూ కలుపుకున్న సగటు. ట్రావెల్ టీమ్‌లో హోటళ్లు, పెట్రోలు కలిస్తే ఎక్కడో తేలుతుంది. క్లబ్బు ఒప్పందంలో చదవాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. ఫీజులో యూనిఫాం, టోర్నమెంటు ప్రవేశ రుసుము కలిసి ఉన్నాయా? నెలవారీ వాయిదాలు అంటే ఎప్పుడైనా మానేయవచ్చని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. టీమ్‌లో చోటు ఒప్పుకున్నాక సాధారణంగా ఏడాది మొత్తం మీరు బాకీ, వాయిదా కట్టుకునే సౌకర్యం మాత్రమే. హెచ్-1బీ మీద ఉన్న ఇంట్లో ప్రాజెక్టు మారి ఊరు మారాల్సి రావచ్చు. అందుకని, ఇల్లు మారితే, పిల్లకు దెబ్బ తగిలి సీజన్ పోతే ఎంత వెనక్కిస్తారో రాతపూర్వకంగా అడగండి. వాలంటీరు గంటలు చేయకపోతే డిపాజిట్ పోతుందా? టోర్నమెంటు వాళ్లు చెప్పిన హోటల్లోనే గది తీసుకోవాలన్న షరతు ఉందా? వేసవిలో అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో 13 ఏళ్లలోపు పిల్లలకు పగటిపూట స్పోర్ట్స్ క్యాంపు ఫీజు డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏకి (పిల్లల సంరక్షణ కోసం జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టే ఖాతా) గానీ పన్ను క్రెడిట్‌కి గానీ చెల్లుతుంది. రాత్రి అక్కడే ఉంచే క్యాంపుకు చెల్లదు. రసీదు మీద క్యాంపు పన్ను నంబరు ఉండేలా చూసుకోండి, పన్ను రిటర్నులో ఫారం 2441లో అది అడుగుతారు.

డబ్బు కంటే ముందు ఖర్చయ్యేది వారాంతం. స్విమ్ మీట్‌ని చూడండి. ఉదయం ఆరున్నరకు వార్మప్. పిల్ల చేతి మీద మార్కర్‌తో ఈవెంట్, హీట్, లేన్ అంకెలు వరసగా రాస్తారు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో గోడను రెండు చేతులతో ఒకేసారి తాకకపోతే డీక్యూ, అంటే అనర్హత, ఆ చీటీ చూసి ఏడుపు. స్టాప్‌వాచ్ పట్టుకుని లేన్ చివర నిలబడేది తల్లిదండ్రులే. నాలుగు గంటలు అక్కడ గడిస్తే పిల్ల నీళ్లలో ఉండేది నాలుగైదు నిమిషాలు. అలాంటివి నెలకు రెండైతే మనబడి క్లాసు, కూచిపూడి, సంగీతం ఏదో ఒకటి జారిపోక తప్పదు. జారిపోయేది ఎప్పుడూ తెలుగు క్లాసే, ఎందుకంటే అక్కడ రిపోర్టు కార్డు గురించి ఎవరూ గట్టిగా అడగరు. కాబట్టి క్రమం తిప్పండి. ఆగస్టులో ముందు తెలుగు క్లాసు వేళ, దసరా, దీపావళి, రాబోయే ఉగాది క్యాలెండర్‌లో ఎక్కించి, మిగిలిన చోటులో ఇమిడే ఆటకే పేరు ఇవ్వండి. రెండు సీజన్లు ఒకదాని మీద ఒకటి పడనివ్వకండి.

పండగకు గేమ్ మానాల్సి వస్తే కోచ్‌కి సీజన్ మొదట్లోనే ఫలానా రెండు శనివారాలు రాలేమని ఈమెయిల్ పెట్టండి. చాలామంది కోచ్‌లు ఒప్పుకుంటారు. ముందురోజు రాత్రి చెబితేనే చిక్కు. తొమ్మిది, పదేళ్ల సాకర్ ఏడుగురి ఆట, టీమ్‌లో ఉండేది పది పన్నెండు మందే. ముగ్గురు రాకపోతే మార్చడానికి మనిషి ఉండడు, వచ్చిన పిల్లలు చివరిదాకా పరిగెత్తాలి. ఇండియా ప్రయాణానికీ ఇదే సూత్రం. మే, జూన్ ట్రైఅవుట్ వారానికి ముందే బయల్దేరేలా టికెట్లు కొనేస్తే ఏడాది చోటు పోతుంది. హైస్కూల్‌కి వచ్చాక మరీ జాగ్రత్త. శరదృతువు ఆటల ట్రైఅవుట్లు బడి తెరవకముందే, ఆగస్టు మొదట్లోనే జరుగుతాయి. డాక్టరు సంతకం చేసిన ఫిజికల్ ఫారం లేనిదే మైదానంలోకి రానివ్వరు. ఊరి నుంచి ఆగస్టు రెండో వారంలో దిగితే అప్పటికే వరుస దాటిపోయి ఉంటుంది. ఫారం ప్రయాణానికి ముందే చేయించండి, అయితే ఫలానా తేదీ తర్వాతి సంతకమే చెల్లుతుందని చాలా రాష్ట్రాల్లో నియమం ఉంది, అది చూసుకోండి.

ఒంటి సంగతి దగ్గర మాత్రం ఎవరూ తొందరపడి ముందుకు పోకూడదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా స్పష్టంగా ఉంది: వారానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఒకే ఆటకు ఏడాదిలో కనీసం మూడు నెలలు సెలవు (నెల చొప్పున విడదీసినా సరే), ఒకే ఆటకు అంకితం కావడం 15, 16 ఏళ్ల దాకా వాయిదా. వారంలో శిక్షణ గంటలు పిల్ల వయసును దాటకూడదన్నది మరో లెక్క. పదేళ్ల పిల్లకు పది గంటలు చాలు. ఎందుకంటే ఆ వయసులో ఎముక చివర ఎదుగుదల పొర ఇంకా మెత్తగా ఉంటుంది. ఎముక ముందు పొడుగవుతుంది, కండరం, స్నాయువు తర్వాత సాగుతాయి. మధ్యలో లాగుడంతా ఆ పొర మీదే పడుతుంది. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్ల గేమ్ అయ్యాక మునివేళ్ల మీద నడుస్తుంటే మడమను రెండు పక్కల నుంచి బొటనవేలు, చూపుడువేలితో మెల్లగా నొక్కి చూడండి. చటుక్కున కాలు లాక్కుంటే అది సీవర్స్, అంటే మడమ ఎదుగుదల పొర నొప్పి, కావచ్చు. మోకాలి చిప్ప కింద బుడిపెలా లేచి, నొక్కితే నొప్పి పెడితే మోకాలి దగ్గర వచ్చే అలాంటి సమస్యే, ఆస్గుడ్-ష్లాటర్ కావచ్చు. రెండూ తగ్గేవే, కానీ ఆట తగ్గిస్తేనే. ఎదిగే వయసు నొప్పులులే అని జండూబామ్ రాసి మర్నాడు మళ్లీ ప్రాక్టీసుకు పంపడం వల్ల రెండు వారాల్లో సర్దుకునేది రెండు నెలలు లాగుతుంది. కుంటుతున్న పిల్లని ఆడనివ్వకూడదు, ఫైనల్ అయినా సరే.

బేస్‌బాల్‌లో పిచ్‌ల (బ్యాటర్‌కి విసిరే బంతుల) లెక్క రాసుకునేది టీమ్ స్కోరర్ అయినా, జాగ్రత్త పడాల్సింది ఇంట్లోవాళ్లే. లిటిల్ లీగ్ నిబంధనల్లో 9, 10 ఏళ్లకు రోజుకు 75 పిచ్‌లు, 11, 12 ఏళ్లకు 85. పద్నాలుగేళ్లు, అంతకంటే చిన్నవాళ్లు 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి. పిల్లాడు శనివారం ఒక లీగ్‌కి, ఆదివారం మరో ట్రావెల్ టీమ్‌కి పిచ్ వేస్తుంటే ఏ కోచ్‌కీ రెండో లెక్క తెలియదు. మోచేయి లోపలి స్నాయువు తెగడం ఇలాగే మొదలవుతుంది. ఫోన్‌లో తేదీ, పిచ్‌ల సంఖ్య రాసుకుని, రెండో కోచ్‌కి మొహమాటం లేకుండా చూపించండి.

తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. 2009లో వాషింగ్టన్ రాష్ట్రం చేసిన చట్టం తర్వాత అన్ని రాష్ట్రాల్లోనూ యూత్ కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) చట్టాలు వచ్చాయి. తిరిగి ఆడాలంటే మొదట బడికి మామూలుగా వెళ్లగలగాలి, తర్వాత దశలవారీగా, ఒక్కో దశకు కనీసం 24 గంటలు, చివరికి డాక్టరు అనుమతి. పదేళ్లు, అంతకంటే చిన్న పిల్లల సాకర్‌లో తలతో బంతి కొట్టడం అమెరికాలో నిషేధం. పక్కన నిలబడి ‘తల పెట్టరా’ అని అరిచే తాతయ్యకు ముందే చెప్పి ఉంచండి.

మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు చెవి కమ్మలు. సాకర్ నాలుగో నియమం ప్రకారం నగలేవీ ఉండకూడదు, పైన టేపు అంటించినా ఒప్పుకోరు. కొత్తగా కుట్టిన చెవికి ఆరు వారాలైనా కమ్మ తీయకూడదు. సెప్టెంబరులో చెవులు కుట్టిస్తే సగం సీజన్ పోయినట్టే, నవంబరు గేములయ్యాక కుట్టించండి. చేతికి గుడిలో కట్టిన దారం ఉంటే ముందే రెఫరీని, కోచ్‌ని అడిగి తేల్చుకోవడం మంచిది. తిండి విషయంలో మనకే కలిసొస్తుంది. గేమ్‌కి రెండు మూడు గంటల ముందు ఇడ్లీ గానీ పెరుగన్నం గానీ తేలిగ్గా అరుగుతాయి, పూరీ, మసాలా దోశ వద్దు. శాకాహారులైతే గమ్మీలు, చ్యూలలో జెలటిన్ ఉందేమో చూడండి. నెలసరి మొదలైన, పరుగులెక్కువున్న శాకాహార పిల్ల త్వరగా అలిసిపోతుంటే ఏటా జరిగే పరీక్షలో ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) కూడా చూడమని డాక్టరుని అడగండి.

ఇంకొకటి నిక్కచ్చిగా చెప్పాలి. గురువు మాట వేదవాక్కని పెంచిన పిల్లలు కోచ్‌కి ఎదురు చెప్పరు. ఒలింపిక్ క్రీడాసంఘాల కింద నడిచే ఆటల్లో పిల్లల భద్రతకు పెట్టిన సేఫ్‌స్పోర్ట్ నియమాల ప్రకారం పెద్దవాళ్లు పిల్లలతో ఒంటరిగా ఉన్నా అది మరొకరికి కనిపించేలా, మధ్యలో ఆపగలిగేలా ఉండాలి. కోచ్ మెసేజ్ పెడితే తల్లిదండ్రులను గానీ మరో పెద్ద మనిషిని గానీ కలపాలి. ఈ రెండు నియమాలూ పిల్లలకు తెలుగులోనే, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. కోచ్ విడిగా మెసేజ్ పెడితే చూపించడం చాడీ కాదని వాళ్లకు తెలియాలి.

కాలేజీ స్కాలర్‌షిప్ కోసమని ఆటలో పెట్టేవాళ్లు కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ చెప్పే అంకె చూడాలి: హైస్కూల్ క్రీడాకారుల్లో ఆట స్కాలర్‌షిప్ దక్కేది దాదాపు 2 శాతానికి. డివిజన్ 3 కాలేజీలు, ఐవీ లీగ్ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వనే ఇవ్వవు. డివిజన్ 1 అర్హతకు హైస్కూల్‌లో 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. పైచదువుల ఖర్చుకు ట్రావెల్ టీమ్‌ని పెట్టుబడిగా చూడకండి, ఆ డబ్బు కాలేజీ చదువు కోసం పొదుపు చేసే 529 ఖాతాలో వేస్తే ఉంటుంది. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న టీనేజ్ పిల్లలు తోటివాళ్లలా రెఫరీగానో లైఫ్‌గార్డ్‌గానో జీతానికి చేయకూడదు, సొంత పని అనుమతి లేకపోతే అది వీసా ఉల్లంఘన. ఈ మాట వాళ్లు సర్టిఫికెట్ కోర్సుకు డబ్బు కట్టకముందే చెప్పాలి.

పిల్ల ఒకరోజు వచ్చి మానేస్తానంటే వెంటనే సరేననకండి, వెంటనే కాదనీ అనకండి. ఆడే అవకాశం రావట్లేదా, ఎక్కడైనా నొప్పా, ఎవరి వల్లనైనా ఇబ్బందా అని విడివిడిగా అడగండి, గేమ్ నుంచి తిరిగొచ్చే కారులో మాత్రం వద్దు. నొప్పో ఇబ్బందో అయితే ఆ వారమే ఆపేయాలి. మిగతా కారణాలకు చివరి గేమ్ దాకా టీమ్‌కి మాట నిలబెట్టుకుని, వచ్చే ఏడాదికి డిపాజిట్ గడువు రాకముందే రావట్లేదని క్లబ్బుకు ఈమెయిల్ పెట్టండి. కొన్ని క్లబ్బుల్లో చెప్పకపోతే చోటు దానంతటదే కొనసాగి, కార్డు మీద ఫీజు పడుతుంది.